మిషనులో తప్పేం లేదు

"నీకేం, గుండ్రాయిలా ఉన్నావు" అన్నాడు భర్త, వాకింగ్ బూట్ల తాళ్ళు బిగించుకుంటూ.

ఆమె తడిబట్టల బకెట్టు ఎత్తుకుని మేడ మెట్ల వైపు వెళ్తోంది. పొద్దున లేచినప్పటినుంచీ వీపు మధ్యలో ఏదో పట్టేసినట్టుంది, ఈ ఒక్క బకెట్టూ పైకి చేర్చి వెళ్ళకూడదూ అని అడిగింది. అడిగింది ఇంతే. దానికాయన ముందు తన ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. తరవాత ఆమెను ఎగాదిగా చూశాడు. ఆ తరవాత ఆ గుండ్రాయి మాట అనేసి, చేతులు ఊపుకుంటూ నడకకు వెళ్ళిపోయాడు. బరువులెత్తకూడని మనిషి చేతులు ఊపకూడదని ఎవరూ చెప్పలేదు కాబట్టి అవి బాగానే ఊగాయి.

ఆయన గుండె గురించి కాస్త చెప్పుకోవాలి. రెండేళ్ళ కిందట ఒక స్నేహితుడి ఇంట్లో పీకలదాకా తిని వచ్చిన రోజు ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఉన్న పరీక్షలన్నీ చేశారు. డాక్టరు చివరికి, "మీ గుండె భేషుగ్గా ఉంది, ఇది గ్యాసు, అయినా వయసొస్తోంది కాబట్టి జాగ్రత్తగా ఉండండి" అన్నాడు. ఆ మాటలో మొదటి సగం ఆస్పత్రి గేటు దగ్గరే జారిపోయింది. రెండో సగం ఒక్కటే ఇంటికొచ్చింది. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఆయన గుండె కూడా ఒక మనిషే. దానికి వేరే నూనె, వేరే కూర, తొక్క తీసి ముక్కలు కోసిన పళ్ళు. అది పడుకునే వేళకు టీవీ గొంతు తగ్గించాలి. దానికి చెడ్డ వార్త చెప్పకూడదు. వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న కూతురికి జ్వరమొచ్చినా, నీళ్ళ మోటారు కాలిపోయినా ముందు ఆమెకు తెలియాలి, ఆమె దాన్ని నమిలి మెత్తగా చేసి ఆయనకు చెప్పాలి. గ్యాసు బండ జరపడం, సరుకుల సంచులు మోయడం, పరుపులు ఎండలో వేయడం అన్నీ దాని పేరు చెప్పి ఆమె చేతికొచ్చాయి. బంధువులు ఫోన్ చేసి, అల్లుడి క్షేమం అడిగినట్టు, "గుండె ఎలా ఉంది?" అని అడిగేవారు. ఆయన నిట్టూర్చి, "ఏదో, నెట్టుకొస్తోంది" అనేవాడు.

ఆయన చెడ్డవాడని కాదు. బ్యాంకులో పని చేస్తాడు, జీతం ఇంట్లో ఇస్తాడు, గొంతు పెంచడు. తన గుండె అంటే ఆయనకు అమిత ప్రేమ, అంతే. ఆ ప్రేమకు చాకిరీ చేసేది మాత్రం వేరే మనిషి.

అత్తగారు మోకాళ్ళ నొప్పులతో రోజంతా ముందుగదిలో కుర్చీలోనే కూర్చుంటుంది. కాళ్ళు నడవకపోయినా నాలుక పరిగెడుతుంది. ఒకసారి కోడలు పని చేసుకుంటూ, ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోందత్తయ్యా, గుండె దడదడలాడుతోంది అని యథాలాపంగా అంది. అత్తగారు, "ఆడదాని గుండెకి జబ్బు చెయ్యడానికి తీరికెక్కడుంటుందే!" అంది. మాట బాగుందని ఆమె కూడా నవ్వింది. నవ్వి, పని చేసుకుంటూనే ఉంది.

ఆ నవ్వుతోనే అన్నీ సర్దేసుకుంది. దవడ లాగితే పన్ను అనుకుని ఆ వైపు నమలడం మానేసింది. వీపు పట్టేస్తే పరుపు పాతదైపోయింది అనుకుంది. చెమటలు పడితే వయసు అనుకుంది. మేడ మెట్ల మూడో మలుపు దగ్గర బకెట్టు దించి, ఎవరైనా చూస్తారేమోనని, మబ్బు పట్టిందా లేదా అన్నట్టు ఆకాశం వైపు చూస్తూ నిలబడేది. ఎండాకాలమంతా కూడా అలాగే మబ్బుల కోసం చూసింది. తనకేదో అవుతోందని చెప్పుకోవడం కంటే వాన గురించి ఆలోచించడం తేలిక.

ఇంట్లో ఆయన గుండెను చూసుకోవడం జీతం లేని ఉద్యోగమైతే, ఊళ్ళోవాళ్ళ గుండెల్ని చూసుకోవడం ఆమెకు జీతమొచ్చే ఉద్యోగం. గుండె పరీక్షల క్లినిక్కులో ఆమె కొలతలు తీస్తుంది. వచ్చినవాళ్ళ ఎత్తు, బరువు, మెడ, నడుము, తుంటి. పక్క గదిలో ల్యాబ్ అమ్మాయి రక్తం తీస్తుంది. లావుగా ఉన్నవాళ్ళందరికీ గుండెజబ్బు ఉండదు, సన్నగా ఉన్నంత మాత్రాన లేకుండా పోదు. అందుకని రక్తం చెప్పేదీ టేపు చెప్పేదీ పక్కపక్కన పెట్టుకుని, ఎవరిని ఇంకా లోతుగా చూడాలో, ఎవరికి ధైర్యం చెప్పి ఇంటికి పంపాలో డాక్టరు తేలుస్తుంది. డాక్టరు కూడా ఆడమనిషే. మాట తక్కువ, చూపు ఎక్కువ.

మనుషుల గురించి ఆమె నేర్చుకున్నదంతా ఆ టేపు దగ్గరే నేర్చుకుంది. నడుము కొలవాలంటే చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, ఒంటికి ఆనించి, మనిషి మామూలుగా ఊపిరి వదిలిన క్షణంలో చూడాలి. వదలరు. మగవాళ్ళకు టేపు తగిలీ తగలగానే పొట్ట పోలీసును చూసిన దొంగలా వెనక్కి పోతుంది. వదలండి అంటే వదిలామంటారు. అందుకని ఆమె టేపు అలాగే పట్టుకుని, పిల్లలేం చదువుతున్నారని అడుగుతుంది. వాళ్ళు సంబరంగా జవాబు మొదలుపెడతారు, ఊపిరి జారిపోతుంది, పొట్ట తన చోటికి తాను వచ్చేస్తుంది, ఆమె అంకె చూసేస్తుంది. ఇక ఆడవాళ్ళయితే వేరే. వాళ్ళు అంకె చెప్పొద్దని బతిమాలతారు. "ఏమీ అనుకోకండి, ఈమధ్య కాస్త..." అంటారు. "రెండో కాన్పు తరవాత ఇంక..." అంటారు. ఎవరిదో వస్తువు అరువు తెచ్చుకుని పాడు చేసినట్టు, తమ నడుముకు తామే సంజాయిషీ చెప్పుకుంటారు. ఇందులో తప్పొప్పులేం లేవమ్మా, ఇది ఒట్టి అంకె అని ఆమె ప్రతి ఒక్కరికీ ఓపిగ్గా చెబుతుంది. అంకెలు అర్థం కానివాళ్ళకు ఒక తాడు తీసి వాళ్ళ ఎత్తు కొలిచి, దాన్ని సగానికి మడిచి నడుము చుట్టూ తిప్పుతుంది. తాడు అందితే మంచిదే, అందకపోతే జాగ్రత్తపడాలి.

ఆ తాడు ఆమె తన నడుము చుట్టూ ఎప్పుడూ తిప్పుకోలేదు. వంటమనిషి ఆకలి వంటమనిషికి గుర్తుండదు.

క్లినిక్కులో అందరూ ఆమెను నార్మలక్క అంటారు. దానికో కథ ఉంది. గుండె మీద భారం పడినప్పుడు రక్తంలో ఒక పదార్థం పెరుగుతుంది. దాన్ని కొలిచే మిషను ల్యాబులో ఉంది. ఆ పరీక్షకు వాడే మందు కొత్త పెట్టె తెరిచినప్పుడల్లా, పేషెంట్ల రక్తం పెట్టడానికి ముందు, ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం ఒకటి పెట్టి చూడటం ఆ క్లినిక్కులో అలవాటు. అంకె తక్కువగా వస్తే పెట్టె మంచిదన్నమాట. మొదటిసారి ల్యాబ్ అమ్మాయి రక్తం ఎవరిస్తారని అడిగినప్పుడు రిసెప్షన్ అతను సూది చూసి కుర్చీ వెనక్కి జరిపాడు, వాచ్‌మన్ చూడకుండానే కళ్ళు తిరిగి కూలబడ్డాడు. ఆమె మాత్రం దగ్గర్లో ఉంది, చేతులు కడుక్కుని జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుని ఉంది. "అక్కా, మీరివ్వండి" అంది అమ్మాయి. ఇచ్చింది. అడిగితే కాదనే మనిషి కాదు. అప్పటినుంచీ కొత్త పెట్టె వస్తే ఆమె చెయ్యి చాచడమే. ఆ మొదటిసారి ఎవరూ ఆమెకు ఏ పరీక్షా చేయలేదు. నడుస్తోంది, పనిచేస్తోంది, నవ్వుతోంది, అంటే ఆరోగ్యంగానే ఉందన్నమాట. నిజంగానే తక్కువ అంకె వచ్చింది కూడా. నార్మలక్క అని పిలిస్తే ఆమెకు లోలోపల గర్వంగా ఉండేది. ఇంట్లో ఆమె చేసే ఏ పనికీ ఇది సరైంది అని ముద్ర వేసినవాళ్ళు లేరు. ఇక్కడ ఆమె రక్తమే కొలబద్ద.

ఆయన గుండ్రాయి మాట అన్న రోజుల్లోనే కొత్త పెట్టె వచ్చింది. ఆమె చెయ్యి ఇచ్చి తన గదికి వెళ్ళి ఒకాయన మెడ కొలుస్తుంటే ల్యాబ్ అమ్మాయి గుమ్మంలోకి వచ్చి, "అక్కా, మిషను పాడైంది" అంది. మామూలుగా రావలసిన దానికి ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చిందట. మళ్ళీ రక్తం తీసింది. మళ్ళీ అంతే. పెట్టె మార్చింది, గొట్టం మార్చింది, ఆమె కుడిచెయ్యి వదిలి ఎడమచెయ్యి పట్టుకుంది. అంకె దిగలేదు. డాక్టరుకు చెప్తే, పెట్టెలో ఏదో తేడా ఉంది, తేలేదాకా ఎవరికీ రిపోర్టులు ఇవ్వకండి అంది. మర్నాడు రిపోర్టుల కోసం వచ్చినవాళ్ళు రిసెప్షన్ మీద విరుచుకుపడ్డారు. రిసెప్షన్ అతను ల్యాబ్ మీద, ల్యాబ్ అమ్మాయి కంపెనీ మీద విరుచుకుపడ్డారు. ఆమెకు మాత్రం ఎందుకో తప్పంతా తనదే అనిపించింది. పొద్దున తినకుండా వచ్చాను, దానివల్ల ఏమో అంది. రాత్రి సరిగ్గా నిద్రలేదు, అదేమో అంది. తన రక్తం వల్ల క్లినిక్కు పని ఆగిపోయిందని, కనబడినవాళ్ళందరికీ సంజాయిషీ చెప్పుకుంటూ తిరిగింది.

కంపెనీ మెకానిక్కు వచ్చాడు. పెద్దవయసు మనిషి, తొందర లేని మనిషి. మిషను మూత విప్పి, తుడిచి, ఒక సన్నటి గొట్టం మార్చి, కంపెనీ సీసాలో తెచ్చిన రక్తం పెట్టి చూశాడు. సరిగ్గా వచ్చింది. ల్యాబ్ అమ్మాయి రక్తం పెట్టాడు. సరిగ్గా వచ్చింది. తన చెయ్యే చాపి, నాది కూడా తియ్యమ్మా, అదీ చూద్దాం అన్నాడు. అదీ సరిగ్గానే వచ్చింది. చివరికి నార్మల్ అని రాసిపెట్టిన ఆమె రక్తం గొట్టం మళ్ళీ పెట్టాడు. అంకె పైకి లేచి కూర్చుంది.

ఆయన మూత బిగించి చేతులు తుడుచుకున్నాడు. "మిషనులో తప్పేం లేదమ్మా. ఎవరా పేషెంటు?"

"పేషెంటు కాదండీ. అది నార్మల్" అంది ల్యాబ్ అమ్మాయి.

"అయితే ఆ నార్మల్ మనిషిని ఒకసారి డాక్టరుకి చూపించండి" అని, పక్కనే నిలబడ్డ ఆమె చేతిలోంచి తన టీ గ్లాసు అందుకున్నాడు. ఆ చెయ్యి ఎవరిదో ఆయనకు తెలియదు.

మెకానిక్కు మాట వినబడి డాక్టరు కూడా ల్యాబులోకి వచ్చింది. డాక్టరు ల్యాబ్ అమ్మాయిని చూసింది, ల్యాబ్ అమ్మాయి మిషనును చూసింది, ఆమె తన మోచేతి మడతలో నీలంగా కమిలిన చోటును చూసుకుంది. లక్షలు పోసి కొన్న మిషను అబద్ధం చెబుతోందని అందరూ నమ్మారు. కంపెనీ వాడు కల్తీ మందు పంపాడని నమ్మారు. ఈవిడ ఒంట్లో బాగాలేదేమో అని మాత్రం ఒక్కరికీ తోచలేదు. ఆమెకే తోచలేదు, ఇంక వాళ్ళననడానికేముంది?

ల్యాబ్ అమ్మాయే ముందు కదిలింది. ఆమె మెడలో వేలాడుతున్న టేపు తీసుకుని, చెయ్యి పట్టుకుని కొలతల గదిలోకి తీసుకెళ్ళి తెర లాగింది. ఇప్పుడెందుకే, బయట జనం ఉన్నారు అంది ఆమె. ఉండనివ్వండి అంది అమ్మాయి. టేపు నడుముకు చల్లగా తగిలింది. ఆమె గబుక్కున ఊపిరి బిగబట్టింది.

"ఊపిరి వదలండక్కా."

"వదిలానే."

"వదల్లేదు" అంది అమ్మాయి. టేపు అలాగే పట్టుకుని, ఆమె దగ్గర నేర్చుకున్న ఉపాయమే ఆమె మీద వాడింది. "ఇవాళ పొద్దున్నుంచీ ఏం తిన్నారు?"

ఆమె జవాబు మొదలుపెట్టింది. ఆయనకు పళ్ళు కోసి పెట్టాను, అత్తయ్యకు మెత్తగా ఉడికించి పెట్టాను, ఆ తరవాత... అని ఆగింది. ఆ తరవాత తన సంగతి వెతుక్కుంటే ఏమీ దొరకలేదు. ఆ వెతుకులాటలో ఊపిరి దానంతట అది బయటికి వచ్చేసింది. చాలాసేపు వస్తూనే ఉంది. అన్నేళ్ళుగా అది లోపలే ఉండిపోయిందేమో అనిపించేంతసేపు వచ్చింది. భుజాలు కిందికి దిగాయి. పొట్ట ఎవరికీ భయపడకుండా ముందుకొచ్చి నిలబడింది. హమ్మయ్య అనిపించింది ఆమెకు, ఇంత చిన్న సుఖం తనకెవరూ చెప్పలేదే అనిపించింది.

అంకె ఆమె ఎత్తులో సగాన్ని ఎప్పుడో దాటేసింది. కాళ్ళూ చేతులూ సన్నగా ఉండేసరికి, వదులు బట్టల కింద నడుము సంగతి ఎవరి కంటా పడలేదు. "ఏమీ అనుకోకే, ఈమధ్య కాస్త..." అని మొదలుపెట్టి, తనేం అంటోందో తెలిసి ఆగిపోయింది. అమ్మాయి ఆమె మొహం చూసింది. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. తెర బయట ఉన్న పెద్దమనిషి ఇంకెంతసేపని దగ్గినా ఆపలేకపోయారు.

డాక్టరు ఆమెను పేషెంట్ల కుర్చీలో కూర్చోబెట్టింది. క్లినిక్కులో పనికి చేరిన ఈ ఏడేళ్ళలో ఆ కుర్చీ తుడవడమే గాని అందులో కూర్చోలేదు ఆమె. డాక్టరు మీకు మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అని అడగలేదు. అలా అడిగితే లేదు అని వచ్చేసేది.

"మెట్లెక్కేటప్పుడు ఎక్కడ ఆగుతారు?" అంది.

"మూడో మలుపు దగ్గర" అనేసింది ఆమె.

ఇంక దాచడానికేం మిగల్లేదు. దవడ, వీపు, చెమటలు, ఆ లేని మబ్బులు, అన్నీ చెప్పింది. చెబుతుంటే ఒక్కొక్కటీ తన నోట్లోంచి వచ్చి బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి కూర్చుంటున్నట్టుంది. విడివిడిగా ఎంత చిన్నవో కలిస్తే అంత పెద్దవిగా కనిపించాయి. డాక్టరు విని, మా కళ్ళ ముందే తిరుగుతున్నారు, మేం మిమ్మల్ని అడగనేలేదు అంది. ఆ మాట అనడానికి ఆవిడకు కష్టమైంది, అది ఆమెకు తెలిసింది. రక్తం ఒక్కటే జబ్బని తేల్చదు, నడుమొక్కటే తేల్చదు, రెండూ కలిసి తలుపు తడుతున్నాయి, తీసి చూడాలి అని చెప్పింది. అప్పటికప్పుడు రెండు పరీక్షలు చేసింది. అవి చూసి పెద్దాస్పత్రికి ఫోన్ చేసి, గురువారం పొద్దున గుండె రక్తనాళాల్ని లోపలినుంచి చూసే పరీక్షకు ఏర్పాటు చేసింది. మందులిచ్చింది. ఈలోపు బరువులు ఎత్తకూడదు, నొప్పి ఎక్కువైతే ఆగకుండా వచ్చేయాలి. "వాయిదా మాత్రం వెయ్యకండి. తోడు ఎవరైనా వస్తారా?"

"వస్తారు" అంది ఆమె, అలవాటుకొద్దీ.

ఇంటికి నడుచుకుంటూ వస్తుంటే భయం వేయాలి కదా అనుకుంది. వేసింది కూడా. కానీ ఆ భయం పక్కనే ఇంకేదో తేలిగ్గా నడుస్తోంది. దాని పేరేమిటో ఆమెకు వెంటనే తెలియలేదు.

సాయంత్రం ఆయన ముందుగదిలో తల్లి పక్కన కూర్చుని పళ్ళముక్కలు తింటుంటే చెప్పింది. నమిలి మెత్తగా చేయలేదు, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన చెయ్యి గబుక్కున గుండె మీదికి వెళ్ళింది. తన గుండె మీదికే. ఇలాంటివి నాకు మెల్లగా చెప్పాలని తెలియదూ అన్నాడు. కాసిని మంచినీళ్ళు అడిగాడు. నీళ్ళు తాగి, మిషన్లు తప్పు చెప్తాయన్నాడు. మిషనులో తప్పేం లేదట అంది ఆమె. అయితే మనుషులు తప్పు చేసుంటారన్నాడు. నీ వయసులో ఆడవాళ్ళకి ఇలాంటివన్నీ మామూలే అన్నాడు. ఇంటర్నెట్టులో చదివానన్నాడు. అప్పుడు ఆయనకు అసలు సంగతి గుర్తొచ్చింది.

"గురువారమేమిటి? గురువారం నా చెకప్ కదా!"

ఏటా ఒకసారి ఆయన గుండెకు చెకప్ ఉంటుంది. ఆమె సెలవు పెట్టి ఆయన వెంట వెళ్ళాలి. సూది గుచ్చేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకోవాలి. ఏటా అన్నీ బాగున్నాయని చెప్పి పంపుతారు. ఏటా ఆయన ఇంటికొచ్చి, పరీక్షలు చేయించుకున్న అలసట తీరడానికి రెండ్రోజులు పడుకుంటాడు.

"నాది కానియ్యి. నీది వచ్చేవారమో, ఆ పైవారమో చూద్దాం. నీదెక్కడికి పోతుంది?" అన్నాడు. కోపంగా అనలేదు. ఎంతో సహజంగా, కూర ఇవాళ వద్దు, రేపు చెయ్యి అన్నంత మామూలుగా అన్నాడు.

సరే అన్న మాట ఆమె నాలుక చివరికి వచ్చేసింది. పెళ్ళయినప్పటినుంచీ అది అక్కడే కాపురముంటోంది, పిలవకుండానే వస్తుంది. అది బయటికి రాబోతుంటే ఆమెకు క్లినిక్కులో గడిచిన మూడు రోజులూ కళ్ళ ముందు కదిలాయి. మిషను ఎన్నిసార్లు చెప్పింది! చెప్పిన ప్రతిసారీ, కాదు, నువ్వు తప్పు, మళ్ళీ చెప్పు అన్నారు. ఆ మూడు రోజులు వాళ్ళు మిషనుతో చేసిన పనే తను ఇన్నాళ్ళూ తన ఒంటితో చేసింది. వీపు చెబితే పరుపును తిట్టింది. దవడ చెబితే పన్నును తిట్టింది. ఆయనా అత్తగారూ అన్న మాటలకు నొచ్చుకుంది గాని, వాళ్ళ కంటే ముందే, వాళ్ళ కంటే ఎక్కువగా, తనే తనను నమ్మలేదు. ఈ ఆలోచనకు ఆమెకు ఏడుపు రావాలి. రాలేదు. ఒక పెద్ద చిక్కుముడిలో అసలు కొస చేతికి దొరికినట్టుంది. సరే అన్న మాటను మింగేసింది. మింగడం అనుకున్నంత కష్టం కాలేదు.

"మీ గుండెకి ఏ జబ్బూ లేదండీ" అంది.

ఆయన నోటి దగ్గర పండుముక్క ఆగింది.

"రెండేళ్ళ కిందటా లేదు. డాక్టరు చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఇల్లంతా మీ గుండె చుట్టూ తిరుగుతోంది, నేనూ తిరిగాను. గురువారం మీరు ఒక్కరే వెళ్ళి రాగలరు. నేను నా పరీక్షకి వెళ్తున్నాను. ఈ ఇంట్లో గుండెజబ్బు ఉంటే అది నాకే."

గొంతు పెరగలేదు. ఆమె చెప్పడం అయిపోయాక కూడా గదిలో గోడలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆయన మొహం మాత్రం కష్టపడి కూడబెట్టిన ఆస్తి ఎవరో లాక్కున్నట్టు పాలిపోయింది. నీ గుండె బాగుంది అంటే అంత దిగులుపడ్డ మనిషిని ఆమె తన ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదు. ఆయన తల్లివైపు తిరిగాడు. "అమ్మా, విన్నావా ఏమంటోందో?"

అత్తగారు కుర్చీలో కదల్లేదు. ఇప్పుడేం మాట పరిగెత్తుకొస్తుందోనని ఆమె కాచుకుని ఉంది.

"విన్నాను. నీకేం లేదని నాకూ తెలుసు" అంది అత్తగారు. "ఊరుకో."

ఆ తరవాత కాసేపు తన మోకాళ్ళు రాసుకుంటూ కూర్చుంది. మా అక్క పొయ్యి ముందు కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందే, వారం రోజులుగా ఆయాసంగా ఉందంటే అజీర్తి అన్నాం అందరం అని, కోడలి వైపు కాక కిటికీ వైపు చూస్తూ చెప్పింది. ఇన్నేళ్ళలో ఆ అక్క మాట ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. చెప్పడం ముగించి, మామూలు గొంతుతో, "ఎన్నింటికి వెళ్ళాలి? నేనొస్తాను" అంది. మీ మోకాళ్ళతో ఎలా అత్తయ్యా అని ఆమె అనబోయింది. "అక్కడ కుర్చీలుండవా? ఇక్కడ కూర్చునేది అక్కడ కూర్చుంటాను."

మర్నాడు పొద్దున తడిబట్టల బకెట్టు ఆయన మోశాడు. ఎవరూ మోయమనలేదు. గుమ్మం దగ్గర అది నిండుగా ఉంది, ఎత్తేవాళ్ళు లేరు, నడకకు వెళ్ళాలంటే దాన్ని దాటాలి. ప్రతి మెట్టుకూ కింద ఉన్నవాళ్ళకు వినబడేలా ఉస్సురంటూ ఎక్కాడు. పైకి వెళ్ళి, కాసేపు నిలబడి, తనకేమైనా అవుతుందేమోనని చూసుకున్నాడు. ఏమీ కాలేదు. కాస్త నిరాశగానే దిగివచ్చాడు. ఆమె కూర్చుని టీ తాగుతూ ఆ బూట్ల చప్పుడు వింది. వేడివేడిగా ఉండగానే టీ తాగడం ఇంత బాగుంటుందా అనుకుంది.

గురువారం పెద్దాస్పత్రిలో అత్తగారు తలుపు ఎదురుగా ఉన్న కుర్చీ చూసుకుని కూర్చుంది. ఎవరూ అడగకపోయినా, నా కోడలికి తోడొచ్చాను అని చెబుతోంది. ఆమె ఇంకా బయట ఉండగానే ఆయన తల్లికి ఫోన్ చేశాడు. తన చెకప్ అయిపోయిందట, ఒక్కడే సూది గుచ్చించుకున్నాడట, అన్నీ బాగున్నాయన్నారట. "తెలుసులే, నువ్విటు వచ్చెయ్యి. వచ్చేటప్పుడు దానికి తినడానికేమైనా తీసుకురా" అని అత్తగారు ఫోన్ పెట్టేసింది.

లోపల చల్లగా ఉంది. పూర్తి మత్తు ఇవ్వలేదు, చెయ్యి మాత్రం మొద్దుబారింది. మణికట్టులోంచి సన్నటి తీగలాంటిది లోపలికి వెళ్తోందని చెప్పారు. నొప్పేం లేదు. ఆస్పత్రి డాక్టరు ఎదురుగా ఉన్న తెరవైపు చూస్తూ పని చేస్తున్నాడు. కాసేపటికి ఆగి, తెర ఆమెకు కనబడేలా జరిపాడు.

"ఇదిగో, చూశారా? ఈ నాళం అంతా బాగుంది, ఇక్కడొక్కచోట బాగా సన్నబడింది. మీకు ఆయాసం, వీపు నొప్పి దీనివల్లే. మంచి సమయానికి వచ్చారు. ఇప్పుడే తెరిచి, చిన్న గొట్టంలాంటిది పెట్టేస్తాం."

ఆమె చూసింది. నల్లటి కొమ్మలు అల్లుకున్నట్టు ఉంది, ఒక కొమ్మ మధ్యలో ఎవరో వేళ్ళతో నొక్కి పట్టుకున్నట్టు ఉంది. అది అక్కడ ఉంది. వేలు పెట్టి చూపించేలా, ఎవరైనా చూడగలిగేలా ఉంది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు చెవుల మీదుగా దిండు మీదికి జారాయి.

"భయపడకండమ్మా" అన్నాడు డాక్టరు.

"భయం కాదు డాక్టరుగారూ, సంతోషం" అంది ఆమె. "ఇన్నాళ్ళూ నా ఒళ్ళు నాకు నిజమే చెప్పింది."